ఒంటికి ఏది పడలేదు?
చర్మం మీద వచ్చే ఎలర్జీలు - వాటి కారణాలు

"పడదు" అనే మాట మన భాషలో ఎన్ని పనులు చేస్తుందో గమనించారా? ఆ అత్తాకోడళ్ళకు పడదంటాం. కొత్త ఊరి నీళ్ళు పడలేదంటాం. వంకాయ పడదని ఒకరు, గోంగూర పడదని ఒకరు విస్తట్లో పక్కకు నెట్టేస్తారు. వియన్నా నగరంలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు 1906లో "ఎలర్జీ" అనే మాట పుట్టించాడు. ఆ మాట మన పెద్దలకు తెలియకపోయినా అసలు సంగతి తెలుసు. పదిమందికి మేలు చేసే వస్తువే పదకొండో మనిషి ఒంటికి పడకపోవచ్చు.

చిక్కల్లా ఎక్కడంటే, ఒంటిమీద ఏది కనిపించినా మనవాళ్ళ అనుమానం ముందు కంచం మీదికే పోతుంది. దురద పుట్టిందా, వంకాయ మానెయ్యి. పొక్కులు లేచాయా, గుడ్డు మానెయ్యి, చేప ముట్టుకోకు. వేడి చేసింది, మజ్జిగ తాగు. మదరాసులో స్థిరపడ్డ మన ఇళ్ళలో వీటికి మరో రెండు కలుస్తాయి - ఈ ఊరి ఉప్పునీళ్ళు, ఈ ఊరి ఉక్క. ముప్పై ఏళ్ళుగా ఈ నగరంలో చర్మవ్యాధులకు వైద్యం చేస్తున్నాను. నేను చూసినంతలో, పెద్దవాళ్ళను నెలల తరబడి వేధించే చర్మపు ఎలర్జీల్లో ఎక్కువ భాగం నోట్లోకి పోయినవాటి వల్ల వచ్చినవి కావు. ఒంటికి తగిలినవాటి వల్ల వచ్చినవి. కారణం దొరికితే సగం వైద్యం అయినట్టే. అది దొరకాలంటే ఎక్కడ వెతకాలో తెలియాలి. ఈ వ్యాసం అందుకే.

ఎలర్జీ అంటే ఏమిటి?

మన శరీరానికి ఒక కాపలా వ్యవస్థ ఉంది. క్రిములు వస్తే గుర్తుపట్టి ఎదుర్కోవడం దాని పని. ఆ కాపలావాడు ఒక్కోసారి పొరబడి, చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి దొంగ అనుకుని కేకలు వేస్తాడు. రొయ్య, పుప్పొడి, తలకు వేసే రంగు, చెవిదుద్దులోని లోహం - ఇవి క్రిములు కావు. అయినా కొందరి శరీరం వీటిమీద యుద్ధం ప్రకటిస్తుంది. అదే ఎలర్జీ.

ఈ యుద్ధం రెండు రకాలు. మొదటిది నిమిషాల్లో మొదలవుతుంది. రక్తంలోని ఒక రకం ప్రతిరక్షకాలు చర్మంలోని కొన్ని కణాలను రెచ్చగొడతాయి. వాటినుంచి హిస్టమిన్ అనే పదార్థం బయటపడి చర్మాన్ని ఉబ్బిస్తుంది, దురద పుట్టిస్తుంది. రెండోది నెమ్మదిగా వస్తుంది. వస్తువు తగిలిన ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడో రోజుకు బయటపడుతుంది. దీన్ని నడిపేవి తెల్లరక్తకణాలు. ఈ ఆలస్యం వల్లనే చాలామందికి అసలు దొంగ దొరకడు. శుక్రవారం తలకు రంగు వేసుకుంటారు, ఆదివారం కళ్ళు వాస్తాయి. నేరం మాత్రం శనివారం తిన్న వంకాయకూర మీద పడుతుంది.

ఇంకొక ముఖ్యమైన విషయం. "డాక్టరుగారూ, పదేళ్ళుగా ఇదే వాడుతున్నాను, కొత్తగా ఏమీ మార్చలేదు" అని నాతో రోజుకు ఇద్దరైనా అంటారు. పదేళ్ళుగా వాడుతున్నారు కనుక ఆ వస్తువు నిర్దోషి అని వారి అభిప్రాయం. నిజానికి మొట్టమొదటిసారి తగిలిన వస్తువుతో ఎలర్జీ రాదు. శరీరం ముందు దాన్ని పరిచయం చేసుకోవాలి, గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాతే ఎదురుతిరుగుతుంది. ఇందుకు వారాలు పట్టవచ్చు, ఇరవై ఏళ్ళూ పట్టవచ్చు. కాబట్టి పాత నేస్తాలను కూడా అనుమానించండి.

దద్దుర్లు

ఉన్నట్టుండి ఒంటిమీద ఎర్రగా, ఉబ్బెత్తుగా దద్దుర్లు లేస్తాయి. విపరీతమైన దురద. ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తాయి. మీకు వచ్చినవి దద్దుర్లేనా అని తెలుసుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మర్నాడు అదే వేళకు చూడండి. గీతలోపల చర్మం మామూలుగా ఉండి, దద్దుర్లు వేరేచోట ఉంటే అవి దద్దుర్లే. అక్కడే ఉండిపోయి, తగ్గాక నల్లమచ్చ మిగిలితే అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి.

తిండిని అనుమానించడానికి కాస్త ఆధారం ఉన్నది ఇక్కడే. రొయ్యలు, పీతలు, గుడ్డు, పాలు, వేరుశెనగ, జీడిపప్పు పడనివారికి తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు వస్తాయి. మొన్న తిన్నదానికి ఇవాళ రావడం చాలా అరుదు. నొప్పిమాత్రలు, పెన్సిలిన్ జాతి మందులు, కందిరీగ, తేనెటీగ కాట్లు కూడా కారణం కావచ్చు. పిల్లల్లో అయితే జలుబు, జ్వరం తెచ్చే మామూలు వైరస్‌లే తరచు కారణం. జ్వరానికి ఇచ్చిన మందు అనవసరంగా నింద మోస్తుంది.

ఆరువారాలు దాటినా దద్దుర్లు రోజూ వస్తూనే ఉంటే, అందులో తిండి పాత్ర బహు తక్కువ. సాధారణంగా శరీరం తనమీద తానే తిరగబడటం వల్ల వచ్చే వ్యాధి అది. పథ్యాల పేరుతో కడుపు మాడ్చుకోకుండా డాక్టరు చెప్పిన మాత్రలు చెప్పినన్నాళ్ళు వాడండి. నిద్రమత్తు తెప్పించే పాతకాలపు మాత్రలు వేసుకుని మాత్రం స్కూటరు, కారు నడపకండి.

దద్దుర్లతోపాటు నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులైనా, కళ్ళు తిరిగినా అది ప్రాణాపాయం. నిమ్మరసం ఇస్తూ, మాత్ర మింగించి చూస్తూ కూర్చోకూడదు. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోనివ్వాలి. నడిపించకూడదు. తొడ కండరంలో వేసే ఎడ్రినలిన్ ఇంజెక్షనే వెంటనే కావలసిన మందు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ 2008 నుంచి తమిళనాడులోనూ నడుస్తోంది. ఆ నంబరు ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు అక్కడి నంబరు గుర్తుంచుకోవాలి.

తగిలితే వచ్చేవి

ఇక అసలు సంగతికి వద్దాం. వస్తువు తగిలినచోట చర్మం ఎర్రబడి, పొక్కులు లేచి, రసి కారి, తర్వాత పెచ్చులు కట్టి నల్లబడుతుంది. ఇదే తాకిడి ఎగ్జిమా. దీనికి కారణం వెతికేటప్పుడు, ముందు ఎక్కడ వచ్చిందో చూడాలి. చోటే సాక్ష్యం చెబుతుంది.

నుదురు: పసుపును సున్నంతో కలిపి ఇంట్లో చేసుకునే కుంకుమ వేరు, రసాయనపు రంగులు కలిపి అమ్మే కుంకుమ వేరు. ఆ రంగులు పడనివారికి నుదురు దురదపెట్టి నల్లబడుతుంది. అరుదుగా పసుపే పడనివారూ ఉన్నారు. స్టిక్కరు బొట్టుబిళ్ళల సంగతి ఇంకొకటి. వాటి జిగురులో వాడే కొన్ని రసాయనాలు ఎలర్జీ తేవడమే కాక, చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తాయి. అప్పుడు బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ పడుతుంది.

ఒక తల్లి తన కూతుర్ని తీసుకుని వచ్చింది. పిల్లకు ఇరవై మూడేళ్ళు, సంబంధాలు చూస్తున్నారు. కనుబొమల మధ్య గుండ్రంగా తెల్లమచ్చ. దాన్ని కప్పడానికి ఇంకా పెద్ద బిళ్ళ పెడుతున్నారు. "ఇది బొల్లి అయితే దీనికి పెళ్ళెలా అవుతుందండీ?" అని ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మచ్చ సరిగ్గా బిళ్ళ ఆకారంలో ఉంది, ఒంటిమీద ఇంకెక్కడా లేదు. బిళ్ళలు మాన్పించి మందు ఇచ్చాను. ఆరేడు నెలలకు రంగు చాలావరకు తిరిగి వచ్చింది. అందరికీ అంత బాగా రాదు, కొందరికి అసలు రాదు. అందుకే దురద పుట్టిన మొదటి రోజునే బిళ్ళ తీసేయాలి. అన్నట్టు, బొల్లి కూడా అంటువ్యాధి కాదు. ఆ భయంతో ఒక ఆడపిల్లను పక్కన పెట్టడం మన అజ్ఞానం.

చెవులు, మెడ, బొడ్డు: ఇక్కడ దోషి నికెల్ అనే లోహం. చిలకలపూడి నగలైనా, పాండీబజారు గిల్టు నగలైనా, పైపూత అరిగాక లోపల నికెల్ కలిసిన లోహం ఉంటే అది చర్మానికి తగులుతుంది. చెమట ఆ లోహాన్ని కరిగించి చర్మంలోకి దింపుతుంది. మదరాసు ఉక్కకు నిజంగా తప్పు ఉన్నది ఇక్కడ. దుద్దులు, గడియారపు బకిల్, జీన్స్ ప్యాంటు గుండీ అన్నీ ఒకే కోవ. మన ఆడవాళ్ళకు ఇంకొక అలవాటు ఉంది - మంగళసూత్రాల గొలుసుకు నాలుగు పిన్నీసులు తగిలించుకోవడం. అవసరానికి పనికొస్తాయని. గుండెల మీద దురద అని వచ్చిన వారిని నేను ముందు అడిగేది ఆ పిన్నీసుల గురించే. ఐరోపా దేశాలు నగల్లోనుంచి వెలువడే నికెల్‌కు 1994లో చట్టంతో హద్దు పెట్టాయి. మనం మాత్రం మన పిన్నీసులు మనమే తీసిపెట్టుకోవాలి.

తల, కనురెప్పలు: తలకు వేసే నల్లరంగుల్లో చాలావాటిలో పారాఫినైలిన్ డయమీన్ అనే రసాయనం ఉంటుంది. రంగు తలకు వేసినా వాపు కనురెప్పల మీద, చెవుల వెనుక కనిపిస్తుంది. అక్కడి చర్మం పల్చన. ఒకాయన మనవడి ఒడుగుకు ముందు రెండు రోజులకు రంగు వేయించుకున్నారు. ముహూర్తం వేళకు కళ్ళు తెరవలేక పీటల పక్కన కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన వాడుతున్న రంగే అది. పెళ్ళిళ్ళలో త్వరగా, నల్లగా పండుతుందని పెట్టే "నల్ల మెహందీ"లో కూడా ఇదే రసాయనం కలుపుతారు. ముగ్గు ఎలా వేస్తే అలాగే చేయి పొక్కిపోతుంది. ఇంటి గోరింటాకుతో ఈ ప్రమాదం చాలా అరుదు. అది నల్లగా పండదు, ఎర్రగానే పండుతుంది. ఒకసారి ఈ రసాయనం పడకపోతే జన్మంతా పడదని లెక్క. రంగు వేసుకోదలచినవారు ముందు చెవి వెనుక చుక్క రాసి రెండు రోజులు ఆగి చూసుకోవాలి. ప్రతిసారీ చూసుకోవాలి.

చేతివేళ్ళు: ఒక్క ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలే పగిలి మండుతున్నాయా? కుడిచేత్తో కత్తి పట్టుకుని ఎడమచేత్తో వెల్లుల్లి రెబ్బ పట్టుకునేవారికి ఇలాగే వస్తుంది. రెండు చేతులూ పగిలితే అంట్లసబ్బు, బట్టలసబ్బు. అది చాలామందిలో ఎలర్జీ కాదు, వట్టి ఒరిపిడి.

సిమెంటు పనివారి చేతులు వేరు. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి ఇక్కడ కట్టుబడి పనులు చేసుకునే ఒకతను రెండు చేతులూ బీటలువారి వచ్చాడు. ఊళ్ళో ఎవరో చెబితే పథ్యం పట్టాడు. "ఎండుచేప ముట్టి ఏడాదైపోనాది బాబూ, అయినా తగ్గనేదు" అన్నాడు. తడి సిమెంటులో క్రోమియం లవణాలు ఉంటాయి. పరీక్షలో అదే తేలింది. పని మానేయమని చెప్పడం డాక్టరుకు తేలిక. అతనికి కూలి పోతే ఇంటికి పంపే డబ్బు పోతుంది. మేస్త్రీతో మాట్లాడుకుని, తడి సిమెంటు తక్కువ తగిలే సెంట్రింగు పనికి మారాడు. చేతులు పూర్తిగా మామూలు కాలేదు గాని బతుకుతెరువు నిలిచింది. ఎండుచేపలు మళ్ళీ తింటున్నాడు. ఐరోపాలో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియాన్ని తగ్గించి అమ్మాలని నిబంధన ఉంది. మీ ఇంటి పనికి వచ్చినవారికి చేతులు కడుక్కోవడానికి మంచినీళ్ళు, సబ్బు ఇవ్వడం మన చేతిలో ఉన్న పని.

పాదాలు: హవాయి చెప్పుల పట్టీ ఆకారంలో పాదం మీద మచ్చ పడితే రబ్బరులోని రసాయనాలను అనుమానించాలి. తోలుచెప్పులైతే మళ్ళీ క్రోమియమే. పూర్వం మన ప్రాంతాల్లో తోలును తంగేడు చెక్కతో ఊనేవారు. తర్వాత క్రోమియం లవణాల పద్ధతి వచ్చింది. మన నగరంలోని క్రోంపేటకు ఆ పేరు వచ్చింది క్రోమ్ లెదర్ కంపెనీ వల్లనే. తోలుచెప్పు చెమటకు తడిస్తే ఆ లవణం బయటికి వస్తుంది. పడనివారు కాలిని చెమటకు తడవనివ్వకూడదు. తోలు, రబ్బరు తగలని చెప్పులు చూసుకోవాలి.

జీడి, మామిడి, వయ్యారిభామ

మొక్కల్లో మనకు బాగా తెలిసిన శత్రువు నల్లజీడి. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టింది ఈ గింజ రసంతోనే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మనదేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు మెడ మీద, నడుము మీద పొక్కులు లేచాయి. చాకలి గుర్తు సరిగ్గా తగిలేచోట అవి వచ్చాయని వారి వైద్యులు కనిపెట్టి 1943లో ప్రకటించారు. ఈస్టిండియా కంపెనీ బట్టలను చలువచేసినవారి పేరు మీద వాషర్‌మన్‌పేట ఏర్పడిన ఊరు మనది. చాకలి గుర్తు అంటే ఇక్కడివారికి వివరించి చెప్పనక్కరలేదు.

నల్లజీడి, జీడిమామిడి, మామిడి - మూడూ ఒకే కుటుంబం. అందుకే ఆవకాయ రోజుల్లో సొన తగిలి మూతి, చేతులు పొక్కేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. సొన తొడిమ దగ్గర ఉంటుంది. కాయలు నీళ్ళలో నానేసి, తొడిమ తీసి, బాగా కడిగి తుడిచి ముక్కలు కొట్టాలనే మన అమ్మమ్మల పద్ధతి ఆవకాయకే కాదు, చేతులకూ మంచిది. పిల్లలు కాయను తొక్కతో కొరకకుండా చూడండి. అమెరికాలో పెరటి తీగల్లో ఉండే "పాయిజన్ ఐవీ" కూడా ఈ కుటుంబానిదే. అది పడని మన పిల్లలకు ఇక్కడికి వచ్చినప్పుడు మామిడి సొన కూడా పడకపోవచ్చు.

వయ్యారిభామ పేరు వినడానికి బాగుంటుంది. 1950లలో పుణె ప్రాంతంలో కనిపించిన ఈ కలుపుమొక్క ఇప్పుడు దేశమంతా ఖాళీస్థలాల్లో, రైలుపట్టాల పక్కన తెల్లపూలతో నిండి ఉంది. దాని పొడి గాలిలో ఎగిరి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద పడి ఎగ్జిమా తెస్తుంది. నడివయసు దాటిన మగవారిలో ఎక్కువ. చాలామంది దీన్ని ఎండ పడకపోవడం అనుకుంటారు. మొక్కను వట్టిచేతులతో పీకకండి, తగలబెట్టి ఆ పొగలో నిలబడకండి.

పసిపిల్లల ఎగ్జిమా

తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉబ్బసం, తరచు తుమ్ములు ఉంటే, పిల్లలకు చర్మం పొడిబారి ఎగ్జిమా రావడం ఎక్కువ. పసివాళ్ళకు బుగ్గల మీద, పెద్దయ్యాక మోచేతి, మోకాలి మడతల్లో వస్తుంది. ఇది పుట్టుకతో వచ్చిన చర్మస్వభావం. ఒక్క వస్తువు దోషం కాదు.

నాలుగేళ్ళ బాబును ఒకరు తీసుకువచ్చారు. బంధువులు ఒక్కొక్కరు ఒక్కోటి మాన్పించగా పాలు, గుడ్డు, కందిపప్పు, వేరుశెనగ అన్నీ పోయాయి. మిగిలింది చారన్నం. ఎగ్జిమా తగ్గలేదు, పిల్లవాడు మాత్రం సగమయ్యాడు. ఫలానాది తిన్న వెంటనే దద్దుర్లో వాంతులో వచ్చాయని రుజువైతే తప్ప పిల్లలకు తిండి మాన్పించకండి. లండనులో జరిగి 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసివాళ్ళకు వైద్యుల పర్యవేక్షణలో చిన్నప్పటినుంచే వేరుశెనగ తినిపిస్తే, తర్వాత వేరుశెనగ ఎలర్జీ చాలా తగ్గిందని తేలింది. దూరం పెట్టడమే రక్ష అన్న పాత నమ్మకం అలా తలకిందులైంది.

ఈ పిల్లలకు కావలసింది తేమ. గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే వాసనలేని లేపనమో స్వచ్ఛమైన కొబ్బరినూనో రాయడం. సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టవద్దు. చలిదేశాల్లో, ఏసీ గదుల్లో పెరిగే పిల్లలకు ఇది ఇంకా అవసరం.

మందుల వల్ల వచ్చేవి

ఏదో మాత్ర వేసుకున్న ప్రతిసారీ అదే చోట గుండ్రంగా నల్లమచ్చ వస్తోందా? పెదవి మీదో, తొడ మీదో? విరేచనాలకు, నొప్పులకు మనం తోచినట్టు కొనుక్కునే మందులు తరచు దీనికి కారణం. అంతకంటే భయంకరమైనది ఒకటుంది. కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జ్వరం, కళ్ళు ఎర్రబడటం, నోరు పూయడం, చర్మం మండి తోలు ఊడటం. మూర్ఛకు, కీళ్ళవాతానికి ఇచ్చే కొన్ని మందులు, సల్ఫా మందులు అరుదుగా ఇలా చేస్తాయి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. పడని మందు పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. "తెల్లమాత్ర, చిన్నది" అంటే ఏ డాక్టరూ గుర్తుపట్టలేడు.

ఎలర్జీ కానివి

ఎండాకాలపు చెమటకాయలు ఎలర్జీ కాదు. ఇంట్లో అందరికీ రాత్రిళ్ళు దురదగా ఉంటే అది గజ్జి. అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. గుండ్రంగా అంచు కట్టి పాకేది తామర, అది బూజుజాతి వ్యాధి. మునగచెట్టు కింద నిలబడితే వచ్చే మంట గొంగళిపురుగు వెంట్రుకల పని. వానల తర్వాత దీపాల దగ్గరికి వచ్చే ఎరుపు నలుపుల సన్నపురుగును ఒంటిమీద నలిపితే, మర్నాటికి కాలినట్టు చార పడుతుంది. దాన్ని నలపకుండా ఊదేసి సబ్బుతో కడగాలి.

ట్యూబు మందుల మాయ

వీటన్నిటికీ మన ఇళ్ళలో ఒకటే మందు - వీధి చివర మందులషాపు ఇచ్చే ట్యూబు. అందులో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పినచోట, చెప్పినన్ని రోజులు రాస్తే అది మంచి మందే. సొంతంగా రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, కారణం అలాగే ఉంటుంది. తామర మీద రాస్తే లోలోపల పాకి ఒళ్ళంతా అవుతుంది. తెల్లబడతామని ముఖానికి నెలల తరబడి రాసిన ఆడపిల్లలకు చర్మం పల్చబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు లేచి, మానేస్తే మండిపోయే స్థితి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నోటిఫికేషను ఇచ్చింది. చీటీ లేకుండా అడగకపోవడం మన వంతు.

పరీక్షలు

ఏది తగిలి ఎగ్జిమా వచ్చిందో తేల్చే పరీక్షను 1895లో యోసెఫ్ యాదాసోన్ అనే జర్మను వైద్యుడు ప్రవేశపెట్టాడు. అనుమానం ఉన్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపుమీద పట్టీలతో అంటిస్తారు. రెండు రోజులకు తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్ళీ చూస్తారు. నికెల్, క్రోమియం, రబ్బరు రసాయనాలు, వయ్యారిభామ వంటివి ఉన్న పట్టీలు మనదేశానికి తగినట్టు తయారవుతున్నాయి. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. ఆ నాలుగు రోజులు వీపు తడపకూడదు, అంతే.

వందల వస్తువులకు ఒకేసారి రక్తపరీక్ష చేస్తామనే ప్రకటనలను చూసి మోసపోకండి. తాకిడి ఎగ్జిమా ఆ పరీక్షలో తెలియదు. తిండి విషయంలో కూడా, కాగితం మీద గుర్తు వచ్చినంత మాత్రాన ఆ వస్తువు మీకు పడదని అర్థం కాదు. తిన్నప్పుడు ఏమైందన్నదే ప్రధానం.

ఇంట్లో చేయవలసినవి

1. దురద మొదలవగానే ఏ చోట, ఏ రోజు, ఏ వేళకు మొదలైందో ఒక కాగితం మీద రాయండి.
2. ఆ చోటికి అంతకుముందు మూడు రోజుల్లో తగిలినవన్నీ రాయండి. నగ, సబ్బు, నూనె, రంగు, పూత, మొక్క, చెప్పు - పాతవి కూడా.
3. వీలైతే ఫోటో తీసి ఉంచండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి దద్దుర్లు మాయమవడం మామూలే.
4. అనుమానం ఉన్న వస్తువును మూడు వారాలు పూర్తిగా దూరం పెట్టి చూడండి.
5. వాడిన మందులు, ట్యూబులు అన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.
6. పసుపు, వేపాకు, టూత్‌పేస్టు, బామ్‌లు పొక్కినచోట పూయకండి. చల్లని నీళ్ళగుడ్డ చాలు.

ఈ వేసవిలో ఆవకాయ పెట్టేటప్పుడు మామిడికాయల తొడిమలు జాగ్రత్తగా తీయండి. పెళ్ళిళ్ళ కాలానికి తలరంగు వేసుకునేవారు రెండు రోజులు ముందే చుక్క పెట్టి చూసుకోండి. మంగళసూత్రానికి ఉన్న పిన్నీసులను ఈ సాయంత్రమే తీసి డబ్బాలో వేయండి. గుత్తివంకాయ కూర మాత్రం, పడదని రుజువయ్యేదాకా, నిశ్చింతగా వండుకు తినండి.